కొమ్ములన్నీ కొంటానన్న మాట

రాయపూరు దాకా రైలుదారి పూర్తయిన మరుసటి ఏడు రాయగడలో అందరికీ సంతోషమే, ఒక్క అప్పలనరసింహానికి తప్ప. అతనికి రైలంటే భయమూ లేదు, కోపమూ లేదు. లెక్క తేలలేదు, అంతే. లెక్క తేలని దేనికీ సంతోషించే అలవాటు అతనికి లేదు.

గుణుపురం పక్క పల్లెలో ఉన్న పొలం అన్నదమ్ములకు వదిలేసి, ఇరవై ఏళ్ల కిందట ఒక జత ఎడ్లతో, ఒక బండితో అతను రాయగడ చేరాడు. కొండ సంతల్లో పసుపు, చింతపండు, కరక్కాయ కొని, ఘాటీ దారిన కొండ దింపి పార్వతీపురంలో అమ్మేవాడు. ఏ మలుపులో ఇరుసు విరుగుతుందో, ఏ వాగు ఏ నెలలో బండిని పోనిస్తుందో అతనికి తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు. ఇన్నాళ్లూ అతను తిన్నది ఆ తెలివి మీదే. రైలుకు ఆ తెలివితో పని లేదు. పార్వతీపురం వర్తకుడు పొద్దున్నే రైలెక్కి, ఎండ ముదరకముందే రాయగడలో దిగి, తోలుసంచీ విప్పుకుని సంతలో కూర్చుంటున్నాడు. కొండవాడు అమ్ముతాడు, మైదానం వాడు కొంటాడు. మధ్యలో అప్పలనరసింహం దేనికి?

ఈ మాటే భార్య రాజులమ్మతో అన్నాడు.

"దేనికేటి? ఇంటికాడ కూకుని నాకు కూరలు తరుగు," అంది రాజులమ్మ.

కూరలు తరగడం ఇష్టం లేక అతను ఒక ఉపాయం ఆలోచించాడు. కొండవాళ్లు పసుపు పచ్చిగా అమ్ముతారు. పచ్చి పసుపులో ముప్పాతిక వంతు నీళ్లే. ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పెట్టే పని కింద మైదానంలో జరుగుతుంది. ఆ పనేదో రాయగడలోనే చేయిస్తే నీళ్లను మోసే ఖర్చు తప్పుతుంది, పనికి వచ్చే లాభం ఇక్కడే ఉంటుంది. తోలుసంచీ వర్తకుడి దగ్గర లేనిది తన దగ్గర ఒకటి ఉంటుంది. తల్లి దుంపలు కాకుండా కొమ్ములు మాత్రమే ఏరి తెప్పిస్తే సరుకుకు పేరూ వస్తుంది.

మునిగుడ పైనున్న కొండపల్లెలకు కబురు పంపడానికి ఎర్రయ్యను పెట్టుకున్నాడు. ఎర్రయ్య నిరుటి దాకా పశువుల సంతల్లో బేరగాడు. ఎద్దు నోరు తెరిచి చూసి వయసు చెప్పడంలో దిట్ట. సంత ఒడియా గడగడా మాట్లాడతాడు.

"సూడెర్రయ్యా, పైపల్లెలన్నీ తిరుగు. దుంపలు నాకొద్దు, కొమ్ములే కావాలని సెప్పు. ఎన్ని తెత్తే అన్నీ కొంతాను. మాటిత్తన్నానని సెప్పు."

"అన్నీనా బాబూ?"

"అన్నీ."

"ఇరిగినవి?"

"ఇరిగితే ఏటి? ముక్కయినా కొమ్ము కొమ్మే గదా."

ఎర్రయ్య తల గోక్కున్నాడు గాని, షావుకారి మనసులో ఏముందో తనకెందుకనుకుని బయల్దేరాడు. పసుపు బేరం చేసేవాళ్లు 'పసుపు' అనే మాట ఎప్పుడో వదిలేశారు. కొమ్ములంటే చాలు, వాళ్లలో వాళ్లకు తెలుసు. ఎర్రయ్య ఇరవై ఏళ్లుగా చూసిన కొమ్ములన్నీ పశువుల నెత్తి మీదవి. అతను ప్రతి పల్లెలోనూ నిలబడి 'శింగ, శింగ' అని చాటాడు. ఒడియాలో శింగ అంటే కొమ్మే. నెత్తి మీది కొమ్ము.

మూడో సంతకు కొండవాళ్లు దిగారు. కావళ్లలో, గంపల్లో, వీపున కట్టిన మూటల్లో కొమ్ములు. పండగలకు కోసిన దున్నల కొమ్ములు, ఏళ్ల తరబడి చూరుల కింద పొగ పట్టి ఉన్నవి, వంకరవి, బారెడువి, విరిగినవి. అప్పలనరసింహం అరుగు ముందు కుప్ప పెరుగుతూ పోయింది. ముందు నడిచి వచ్చినావిడ పేరు కుంతి. ముప్పై ఏళ్ల దేశియా మనిషి, దేశియా అనే కొండ ఒడియా ఆమె మాట. మునిగుడ స్టేషను దగ్గర విస్తళ్లు కుట్టే అడ్డాకులు అమ్మి కొంచెం తెలుగు పట్టింది.

"సావుకారూ, శింగ తెచ్చినాం. ఇరిగినవి కూడా. ఎర్రయ్య సెప్పినాడు, ఇరిగినా పరవాలేదని," అంది.

అప్పలనరసింహం ఎర్రయ్య వంక చూశాడు. ఎర్రయ్య గర్వంగా కొమ్ముల కుప్ప వంక చూస్తున్నాడు.

"ఓరెర్రయ్యా, పసుపు కొమ్ములురా!"

"పసుపా? ఆ ముక్క నువ్వెప్పుడన్నావు బాబూ?"

సంత సంతంతా విరగబడి నవ్వింది. తోలుసంచీ వర్తకుడు పక్క చెట్టు కింద ఆ పూట వచ్చిన పసుపంతా తూయించుకుంటూ, "ఏటి అప్పలనరసింహం, కొమ్ములు కొన్నావు, మరి దున్నలెప్పుడొత్తాయి?" అన్నాడు.

అప్పలనరసింహం చుట్ట వెలిగించుకుని లెక్క వేశాడు. ఈ కొమ్ములు వద్దంటే నష్టం లేదు, నవ్వి ఊరుకుంటారు. కాని బుట్టలెత్తుకుని కొండెక్కిన వాళ్లు మళ్లీ తన అరుగుకు రారు. రైలు తన దారిని తీసుకుపోయింది, తన బండ్లను తీసుకుపోయింది. తీసుకుపోలేనిది ఒక్కటే మిగిలింది, ఆ పల్లెల్లో తన మాటకున్న విలువ. దాన్ని కూడా ఇవాళే పారేసుకుంటే ఇక కూరలు తరగడమే.

"ఎర్రయ్యా, లెక్కపెట్టు. అన్నీ కొంతన్నాను," అన్నాడు.

వెల తక్కువే కట్టాడు. వాళ్లూ బేరమాడలేదు, చూరు కింద పొగ పట్టే వస్తువుకు డబ్బు రావడమే వింత. కుంతి తన డబ్బు పుచ్చుకుని నేరుగా సంత కొసనున్న పూసలవాడి దగ్గరకు పోయి ఒక దువ్వెన కొంది. నల్లగా నిగనిగలాడే కొమ్ము దువ్వెన. అప్పలనరసింహం చూపు అక్కడ ఆగింది.

"ఎంతకిచ్చేడమ్మీ?"

ఆమె చెప్పింది. ఆమె తెచ్చిన నాలుగు కొమ్ములకు తాను ఇచ్చిన డబ్బంతా ఆ ఒక్క దువ్వెనకు పోయింది.

"బాగుందా?"

"బాగోలేదు," అంది కుంతి. "పళ్లు దగ్గర దగ్గర. మా జుత్తుకు ఇరిగిపోతాయి. కొప్పులో గుచ్చితే నిలవదు."

"మరెందుకు కొన్నావు?"

"ఇంకోలాటిది ఎవరు సేత్తారు?"

ఆ దువ్వెన ఎక్కడిదని పూసలవాణ్ని అడిగితే పర్లాకిమిడిదన్నాడు. అక్కడ కొమ్ము పని చేసే ఇళ్లున్నాయి. ఒక మంచి కొమ్ములో నాలుగు దువ్వెనలు తేలతాయి. అప్పలనరసింహం ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని కూడా లెక్క మానలేదు. నాలుగు కొమ్ములంటే పదహారు దువ్వెనలు. పదహారు దువ్వెనల సరుకు ఇచ్చి కొండవాళ్లు ఒక్క దువ్వెన తెచ్చుకుంటున్నారు, అదీ తలకు సరిపోనిది. మిగిలిన పదిహేనూ ఎవరింట్లో అన్నమవుతున్నాయి?

"అన్నం సల్లారిపోతంది. కొమ్ములు తరవాత మొలిపించుకుందువు గాని, తిను," అంది రాజులమ్మ.

సగం కొమ్ములు బండికెత్తించి గుణుపురం, అక్కడ నుంచి చిన్న రైల్లో పర్లాకిమిడి వెళ్లాడు. పెట్టెలో ఎదురుగా కూర్చున్న వకీలు గుమాస్తా పత్రిక చదువుతూ, దేశంలో నూటికి తొంభై మందికి చదువు లేదనీ, దేశం దరిద్రానికి అదే మూలమనీ పక్కవాడికి చెబుతున్నాడు.

"సదువంటే ఏటి బాబూ?" అని అడిగాడు అప్పలనరసింహం.

"అక్షరాలయ్యా. రాయడం, చదవడం."

అప్పలనరసింహం తన గంపల వంక చూసుకున్నాడు. అక్షరాలు తనకు వచ్చు. వచ్చీ ఈ కొమ్ములో నుంచి ఒక్క పన్నయినా తీయలేడు. గుమాస్తా చెప్పింది తప్పని అతనికి అనిపించలేదు. ఇంకేదో కూడా చదువులో కలిపి లెక్కపెట్టాలనిపించింది. పచ్చి సరుకు ఇచ్చి తయారైన సరుకు కొనుక్కునే ఊరు ఎంత అమ్మినా ఎత్తుకు ఎదగదు. రాయగడ అంతే. గుమాస్తా దేశం అంటున్నది కూడా, ఎంత పెద్దదైనా, అంతే అయి ఉండాలి.

పర్లాకిమిడిలో కొమ్ములు కొన్న మేస్త్రీ ఇంట్లో వీధి వసారాలో నలుగురు మగవాళ్లు రంపాలతో, ఆకురాళ్లతో కూర్చుని ఉన్నారు. వాళ్ల చేతుల వంక చూస్తూ అప్పలనరసింహం, "మావైపు ఒకరిని పంపుతారేటి? మంచి జీతమిత్తాను," అన్నాడు.

"సేతిపని ఇల్లు దాటదు," అన్నాడు మేస్త్రీ. "నీ సరుక్కి డబ్బులిచ్చేను గదా, ఎల్లిరా."

వెళ్లబోతూ పెరటి వైపు చూశాడు. అక్కడ ఒక ఆవిడ బొగ్గుల మీద కొమ్ము తిప్పుతోంది. వేడెక్కిన కొమ్మును రెండు పలకల మధ్య నొక్కితే అప్పడంలా చదునైంది. ఆవిడ నీళ్లకని లేచి వెళ్లగానే వసారాలోని కుర్రమేస్త్రీ వచ్చి ఇంకో కొమ్ము తిప్పి నొక్కాడు. అది టప్పుమని చీలింది. ఇంటిపెద్ద అక్కణ్నుంచే, "నిన్నెవరు ముట్టుకోమన్నారురా? గౌరీ! గౌరీశ్వరీ!" అని కేకేశాడు. గౌరీశ్వరి ఆ మేస్త్రీకి చనిపోయిన తమ్ముడి భార్య. వీధిలో కూర్చున్న నలుగురూ పనివాళ్లు. పెరట్లో నిప్పు దగ్గర కూర్చున్నావిడ ఆ ఇంటి లెక్కలో పనిమనిషి కూడా కాదు, ఇంట్లో మనిషి.

రాయగడ తిరిగొచ్చి అప్పలనరసింహం ఇదంతా చెబితే రాజులమ్మ, "మగోడివి నువ్వెల్లి ఆవిణ్ని రమ్మంతే రాళ్లుచ్చుకుంతారు. నానెల్తాను," అంది. వెళ్లింది. పది రోజులకు గౌరీశ్వరిని, ఆవిడ ట్రంకుపెట్టెను, ఒక రంపాన్ని వెంటబెట్టుకుని దిగింది.

"ఏటి సెప్పి తెచ్చేవు?"

"నానేటీ సెప్పలేదు. ఆ ఇంట్లో నీకేటిత్తారమ్మా అన్నాను. అన్నం అంది. ఇంకేటి అన్నాను. సాలాసేపు ఆలోసించుకుంది."

బావగారైన ఆ మేస్త్రీ అడ్డు చెప్పలేదట. నిప్పు ఊదే మనిషి పోయి దువ్వెనలు చేస్తుందా అని నవ్వాడట.

పెరట్లో పాక వేయించారు. కాలిన కొమ్ము వాసనకు పక్కింటివాళ్లు వారం రోజులు ముక్కులు మూసుకుని తిట్టారు, ఆ తర్వాత ఉత్తగా తిట్టారు. గౌరీశ్వరి మొదటి వారం రంపం కింద పది కొమ్ములు పాడుచేసింది.

"సూసిన పని ఇది. సేతికి రావాల గదా," అంది నిదానంగా. "నిప్పు పని నాను సేసిన పని. దానికి బెంగ లేదు."

కుంతిని పిలిపించి ఎలాంటి దువ్వెన కావాలో చెప్పమన్నారు. ఆమె బొగ్గుముక్కతో పలక మీద గీసింది. పళ్లు ఎడంగా, మందంగా ఉండాలి, పైన బెత్తెడు పట్టు ఉండాలి, కొప్పులో నిలవడానికి కొద్దిగా వంపు ఉండాలి. ఆ వంపు కొమ్ములో పుట్టుకతోనే ఉంది. పర్లాకిమిడిలో దాన్ని కష్టపడి చదును చేసేవారు. ఇక్కడ పూర్తిగా చదును చేయనక్కర్లేకపోయింది, నిప్పు మీద మెత్తబరిచి వంపు సరిదిద్దితే చాలు. మొదటి ముప్పై దువ్వెనలూ సంతలో పొద్దెక్కకముందే అయిపోయాయి. రాయపూరు వైపు రైలులో పంపిన రెండు డజన్లకు ఇంకో ఆరు డజన్లు కావాలని ఉత్తరం వచ్చింది. ఒక గంపెడు దువ్వెనలకు వచ్చిన డబ్బు నాలుగు బండ్ల కొమ్ములకు రాదు.

అప్పుడు తోలుసంచీ వర్తకుడికి దున్నల సంగతి హాస్యంగా తోచడం మానింది. ఒకరోజు గౌరీశ్వరే వచ్చి చెప్పింది.

"ఆ వర్తకుడు పార్వతీపురం రమ్మన్నాడండి. మీరిచ్చేదానికి రెండింతలు ఇత్తాడట."

అప్పలనరసింహం గోదాము వంక చూశాడు. చింతపండును గోదాములో పెట్టి తాళం వేయవచ్చు. ఈవిడ చేతులకు తాళం వేయలేడు. ఆవిడ రైలెక్కితే పాక ఉంటుంది, కొమ్ములుంటాయి, రంపముంటుంది, తను మళ్లీ మొదటికొస్తాడు.

"నువ్వేటన్నావమ్మా?"

"మీతో సెప్పకుండా ఏటీ అనను గదా."

"ఎల్లాలనుంటే నానాపలేను. ఉండాలనుంటే ఒక్కటడుగుతాను. ఇంకో నలుగురికి నేర్పు."

గౌరీశ్వరి పకపకా నవ్వింది. "సావుకారుగారూ, మంచి సింతపండు ఏ పల్లెలో ఉంతాదో ఆ వర్తకుడికి సెప్తారేటి?"

"సెప్పను."

"మరి?"

అప్పలనరసింహానికి కోపం రాలేదు. తనైనా అదే మాట అనేవాడు. అన్నేళ్ల వ్యాపారంలో ఇంత సూటిగా బేరమాడిన మనిషి అతనికి తగల్లేదు. అరుగు మీద కూర్చుని అతను బొగ్గుతో గీతలు గీశాడు.

"నీ రెండు సేతులూ రోజుకు ఆరు దువ్వెనలు సేత్తాయి. వర్తకుడు రెండింతలిచ్చినా సేతులు రెండే. జబ్బు సేత్తే అవీ ఆగుతాయి. నువ్వు నేర్పిన మనిసి సేసిన ప్రతి పదిట్లోనూ ఒక దువ్వెన నీది. ఆ మనిసి సేత్తన్నన్నాళ్లూ నీదే."

గౌరీశ్వరి గీతల వంక చూసింది. "పది మందికి నేర్పితే?"

"నువ్వు కూకుని ఉన్నా, నీకు ఇంకో జత సేతులు ఆడుతున్నట్టే."

"నేర్సుకున్నోళ్లు ఎగ్గొడితే?"

"ఎగ్గొట్టినోళ్ల సరుకు నాను కొనను. సంతలో అందరి ముందూ సెప్తాను."

"ఎవరికి నేర్పాలో నానే సూసుకుంతాను," అంది. "ఆ ముక్క కూడా సంతలో సెప్పండి."

ఆ సంతలో అప్పలనరసింహం రెండు ముక్కలూ చెప్పాడు. ఈసారి ఎర్రయ్య చేత కాదు, కుంతి చేత మాట మాటా దేశియాలో చెప్పించాడు. ఎర్రయ్య పక్కన నిలబడి, మధ్యమధ్య "పసుపు కాదు, పసుపు కాదు" అని అరిచాడు.

నేర్చుకుంటామని పదిహేను మంది వచ్చారు. గౌరీశ్వరి వాళ్ల చేత రంపం పట్టించలేదు. బొగ్గుల మీద కొమ్ము పెట్టి, కళ్లు మూసుకోమంది. "ముందు వాసన మారతాది, తరవాత రంగు మారతాది. రంగు మారేక తీత్తే ఆలీసెం. వాసన మారగానే సెప్పండి," అంది. వడ్రంగం వచ్చిన ఇద్దరు మగవాళ్లు కొమ్ము మాడేదాకా నోరు తెరవలేదు. కుంతి సరిగ్గా ఆ క్షణాన "తీయ్" అంది. మళ్లీ పెట్టినా అంతే. ఎలా తెలిసిందంటే, ఇప్పపువ్వు వేయించేటప్పుడు కూడా అంతే గదా అంది. కొండ మీద ఆడవాళ్లందరికీ తెలిసినదే, దానికి ఇంతవరకూ ఎవరూ డబ్బివ్వలేదంతే. గౌరీశ్వరి అయిదుగురిని ఏరుకుంది. అయిదుగురూ ఇప్పపువ్వు వేయించే చేతులే. ఆవిడ పార్వతీపురం మాట మళ్లీ ఎత్తలేదు.

వానలు పడి, వెలిసి, పంటలు ఇంటికి చేరేసరికి పాకలో రోజుకు పాతిక దువ్వెనలు తయారవుతున్నాయి. అప్పుడు కుంతి ఒక పొద్దున అరుగు దగ్గరకు వచ్చి, తను ఊరికి వెళ్లిపోతానంది. పని మానేసి కాదు, పనితోనే.

"కొమ్ములు మా ఊళ్లో, కట్టెలు మా ఊళ్లో. మా ఆడోళ్లు ఏడుగురు నేర్సుకుంతామంతన్నారు. ఇక్కడికి మోసుకురాడమెందుకు సావుకారూ? దువ్వెనలు తెత్తాం. గౌరీ అప్పకు పదిట్లో ఒకటీ తెత్తాం."

లోపల నుంచి రాజులమ్మ గొణిగింది. "అది ఎల్లిపోనాక నీకేటి మిగులుతాదో లెక్కేసుకో."

అప్పలనరసింహం వేసుకున్నాడు. చాలాసేపు పట్టలేదు. కుంతి ఊళ్లో ఎనిమిది మంది కూర్చుంటే ఎనిమిది రంపాలు కావాలి, ఆకురాళ్లు కావాలి, అవి బొంబాయి సరుకు, రైలులో తెప్పించేవాడు కావాలి. దువ్వెనలు రాయగడ సంతకు ఎక్కువవుతాయి, రాయపూరులోనూ విజయనగరంలోనూ ఎవరికి ఎలాంటివి కావాలో కనుక్కునేవాడు కావాలి. పచ్చి సరుకు కొనడానికి ఎవడైనా చాలు, రైలు టిక్కెట్టు డబ్బులుంటే సరిపోతుంది. ఎనిమిది మంది పనివాళ్ల ఊరికి మాత్రం రోజూ ఏదో ఒకటి కావాల్సి వస్తుంది. తోలుసంచీ వర్తకుడికి ఆ ఊరి పేరైనా తెలియదు.

"ఎల్లు," అన్నాడు. "ఆకురాళ్లు కొనుక్కుంతావా?"

"కొంతాను. అరువు వద్దు."

అతను కొత్తగా వచ్చిన కట్ట విప్పి నాలుగు ఆకురాళ్లు అరుగు మీద పరిచాడు. కుంతి మొదటిదాని మీద బొటనవేలు అడ్డంగా రాసి పక్కన పెట్టేసింది. రెండోదీ అంతే. మూడోది వెలుతురుకు ఎత్తి చూసి, "పళ్లు అరిగినాయి. పాతదానికి నూనె రాసినారు," అంది.

"అరిగినాయా? ఏదీ?" అంటూ అప్పలనరసింహం తీసుకుని చూశాడు. నిజమే. బొంబాయివాడు తనను మోసం చేశాడు, తన కంటికి ఆనలేదు. ఆరు నెలల కిందట కొమ్ము ఎలా పట్టుకోవాలో తెలియని మనిషి అది పట్టేసింది. నవ్వొచ్చింది.

కుంతి నాలుగోది తీసి వేలితో రాసింది. ఈసారి దించలేదు.

"ఇది," అంది. "ఎంత?"

అతను వెల చెప్పాడు. ఆమె నడుముకు చెంగు బిగించి, అరుగు మీద సర్దుకుని కూర్చుని, అందులో సగం చెప్పింది. లోపల రాజులమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టింది, ఈ బేరం తొందరగా తెమలదని ఆవిడకు తెలుసు.